వినేవాళ్లు మారితే పాట మారుతుంది: నేపాల్ జాతుల జానపదాన్ని భద్రపరచడంలో చిక్కులు

సారంగి చూడటానికి చిన్న వాయిద్యం. ఒకే చెక్క మొద్దును తొలిచి చేస్తారు. పై భాగాన్ని తెరిచి ఉంచి, కింది భాగానికి మేకతోలు బిగిస్తారు. తీగలు నాలుగు. ఒకప్పుడు అవి జంతువుల పేగులతో చేసినవి, ఇప్పుడు నైలాన్, స్టీలు. కుడిచేత్తో కమాను లాగుతూ, ఎడమచేతి గోళ్లను తీగకు ఆనించి స్వరం పలికిస్తారు. నేపాల్ కొండల్లో దీన్ని పట్టుకుని ఊరూరా తిరిగి పాడేవాళ్లు గంధర్వులు. పాత పేరు గాయినే, అంటే పాడేవాడు. ఆ పిలుపులో చిన్నచూపు కలిసిపోయింది కాబట్టి గంధర్వ అనే పేరునే నిలబెట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తం మీద వీళ్లు ఏడు వేల మంది కూడా లేరు.

గంధర్వుడు ఒక వాకిట్లో ఆగాడంటే ముందు ఆ ఇల్లెవరిదో చూసుకుంటాడు. పెద్దవాళ్లు కూర్చుని ఉంటే దేవుడి పాట, శుభకార్యం జరుగుతుంటే మంగళగీతం, వంశగౌరవం ఉన్న ఇల్లయితే కర్ఖా అనే వీరగాథ. కొడుకు సైన్యంలో ఉన్న ఇల్లయితే వేరే పాట. పాట అయ్యాక బియ్యమో, మొక్కజొన్నో, నాలుగు డబ్బులో పుచ్చుకుని పక్క ఇంటికి పోతాడు. అక్కడ పాట మళ్లీ మారుతుంది.

ఇప్పుడు అదే మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి, ముందు మైకు పెట్టి, ‘మీ సంప్రదాయ పాట ఒకటి పాడండి’ అని అడిగితే ఏం పాడతాడు? ఎదురుగా ఉన్న పరిశోధకుడికి ఏది నచ్చుతుందనుకుంటే అది పాడతాడు. అందులో మోసమేమీ లేదు. తరతరాలుగా ఆయన చేస్తున్న పనే అది. వినేవాడిని చూసి పాట ఎంచుకోవడం. కానీ ఆ రికార్డింగ్ మీద ‘గంధర్వుల పాట, ఫలానా ఊరు, ఫలానా తేదీ’ అని చీటీ అంటిస్తారు. ఆ పూట విన్నది ఎవరో ఆ చీటీలో ఉండదు. నేపాల్ జాతుల జానపదాన్ని భద్రపరిచే పనిలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పని ఎంత పెద్దదో తెలియాలంటే ఒకటి రెండు అంకెలు చాలు. 2021 జనాభా లెక్కల్లో నేపాల్ ప్రభుత్వం 142 కులాలు, జాతులను, 124 మాతృభాషలను నమోదు చేసింది. 2002లో వచ్చిన చట్టం 59 సమూహాలను ఆదివాసీ జనజాతులుగా గుర్తించింది. వీటిలో చాలా భాషలకు సొంత లిపి లేదు. ఉన్నదంతా నోటిమాటే. వైద్యం, వంశవృక్షం, పొలం హద్దుల తగాదా తీర్చే పద్ధతి, చావు ఇంట్లో చేయాల్సిన తంతు, అన్నీ జ్ఞాపకంలోనే ఉంటాయి. అందుకే ‘జానపద సాహిత్యం’ అని పాటల్ని, కథల్ని మాత్రమే ఏరుకుంటే సరిపోదు, ‘జానపద జీవనం’ కూడా కలిపి రాయాలనే వాదం అక్కడ బలపడింది. 1995లో ఏర్పడ్డ నేపాలీ ఫోక్‌లోర్ సొసైటీ తర్వాతి కాలంలో ఫిన్లాండ్ సాయంతో చేసిన అధ్యయనాలు ఈ దారిలోనివే. అందులో ముందుగా ఎంచుకున్న సమూహాల్లో గంధర్వులు ఉన్నారు, ఆ తర్వాత దక్షిణ మైదానంలో ఉండే థారూల వంటి వాళ్లు వచ్చారు. ఫిన్లాండ్‌కు ఈ విషయంలో ఆసక్తి ఉండటం వింతేమీ కాదు. పల్లెల్లో సేకరించిన పాటల మీద తన జాతీయ గుర్తింపు కట్టుకున్న దేశం అది.

అంతకు ముందు ఈ పని చేసినవాళ్లు రకరకాలు. 19వ శతాబ్దం మొదటి సగంలో కాఠ్మాండూలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న బ్రయన్ హాగ్సన్ అడవి జాతుల భాషల మీద, ఆచారాల మీద నోట్సు రాసుకున్నాడు. డచ్ సంగీత పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1931లో ఒకసారి, మళ్లీ 1955–56లో వచ్చి కాఠ్మాండూ లోయ సంగీతాన్ని రికార్డు చేశాడు. నేపాలీల్లో చెప్పుకోవాల్సిన పేరు సత్యమోహన్ జోషి. ఉద్యోగ రీత్యా పశ్చిమ కొండల్లో సర్వేకి వెళ్లి, అక్కడ విన్న పాటల్ని రాసుకోవడం మొదలుపెట్టారు. జానపద సంస్కృతి మీద ఆయన రాసిన పుస్తకానికే 1956లో నేపాలీ సాహిత్యానికి ఇచ్చే మదన్ పురస్కారం మొట్టమొదటిసారి దక్కింది. ఆయన 2022లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

జోషి చేసిన పనుల్లో ఇక్కడ మనకు ఎక్కువగా పనికొచ్చేది కర్ణాలీ యాత్ర. 1970ల మొదట్లో ఐదుగురు కలిసి జుమ్లా, సింజా ప్రాంతాలకు వెళ్లారు. నేపాలీ భాష పుట్టిన చోటుగా చెప్పుకునే లోయ అది. ఒకరు చరిత్ర, ఒకరు నేల, ఒకరు జనజీవనం, ఒకరు భాష, ఒకరు సాహిత్యం, కళలు పంచుకున్నారు. ఐదు సంపుటాలు వచ్చాయి. ఒకే ఊరిని ఐదు కళ్లతో చూడటం అన్నమాట. పాట దగ్గర ఆగిపోకుండా, ఆ పాట పాడేవాడి పొలం ఎంత, పెళ్లి ఎవరితో చేసుకుంటాడు అనే దాకా వెళ్లిన పని అది. ఆ తర్వాత ఇంత పకడ్బందీగా జరిగినవి తక్కువే. ఇలాంటి పనికి కావాల్సింది మంచి కెమెరా కాదు, నెలల తరబడి ఒకే చోట ఉండే ఓపిక. గ్రాంటు ఇచ్చేవాళ్ల క్యాలెండర్‌లో ఆ ఓపికకు చోటుండదు.

వినేవాళ్లు మారితే పాట ఏమవుతుందో చూపించింది రేడియో. 1951లో రేడియో నేపాల్ మొదలైంది. 1960 నుంచి 1990 దాకా నడిచిన పంచాయతీ వ్యవస్థలో, అంటే పార్టీలు లేకుండా రాజు చేతిలో సాగిన పాలనలో, ‘ఒకే భాష, ఒకే వేషం, ఒకే దేశం’ అన్నది రాజ్య విధానం. 1965లో కాఠ్మాండూ లోయ జనం మాట్లాడే నేవార్ భాష వార్తలు రేడియోలో ఆగిపోయాయి. ఆ వాతావరణంలో కొండల నుంచి వచ్చిన పాటల్లో చాలా వాటికి నేపాలీ మాటలు తొడిగారు. రాత్రంతా సాగే పాట నాలుగు నిమిషాలకు కుదించుకుపోయింది. ఫిన్లాండ్‌ జానపద పండితుడు లౌరి హోంకో మాటల్లో చెప్పాలంటే ఇది జానపదానికి రెండో జీవితం. మొదటి జీవితం వాకిట్లో, రెండోది స్టూడియోలో.

అలాగని రెండో జీవితం అంతా నష్టమేనా? ఝలక్‌మాన్ గంధర్వ సంగతి చూస్తే అలా అనలేం. పోఖరా దగ్గర బటులెచౌర్ అనే గంధర్వుల పేటలో 1935లో పుట్టిన మనిషి. ఆయన రేడియోలో పాడిన పాటల్లో ఒకటి దేశమంతా పాకింది. యుద్ధంలో చనిపోతున్న లాహురే తోటివాడికి ఇంటి కబురు అప్పగిస్తాడు. లాహురే అంటే పరాయి సైన్యంలో చేరిన గూర్ఖా. ఒకప్పుడు లాహోర్ వెళ్లి రంజిత్‌సింగ్ సైన్యంలో చేరేవాళ్లు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అమ్మ అడిగితే ఇలా చెప్పు, నాన్న అడిగితే ఇలా చెప్పు అంటూ ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు. అన్న అడిగితే ఆస్తిలో వాటా పెరిగిందని చెప్పమంటాడు. చెల్లెలు అడిగితే పుట్టింట్లో ఒక మనిషి తగ్గాడని చెప్పమంటాడు. చావు అన్న మాట ఎక్కడా లేదు, ఎవరికి ఎంత పోయిందో లెక్క మాత్రం ఉంది.

ఈ పాట అల్లికే వినేవాళ్ల మీద నిలబడి ఉంది. అమ్మ వినే కబురు వేరు, అన్న వినే కబురు వేరు. వాకిట్లో గంధర్వుడు పాడినప్పుడు వినేది ఒక్క ఇల్లు. రేడియోలో వచ్చినప్పుడు, కొడుకుల్ని పరాయి సైన్యాలకు పంపిన కొండ ఊళ్లన్నీ ఒకేసారి విన్నాయి. పాటలో ఏదో పోయింది, ఇంకేదో వచ్చి చేరింది. ఝలక్‌మాన్ 2003లో చనిపోయారు. ఇప్పుడు కాఠ్మాండూలోని థామెల్ వీధుల్లో సారంగి చేత్తో పట్టుకుని పర్యాటకుల వెంట నడిచే గంధర్వ కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లు అమ్మేది చాలాసార్లు వాయిద్యాన్నే, పాటను కాదు. ఇది పతనం అని బాధపడేవాళ్లు ఉన్నారు. కానీ వాకిట్లో ధాన్యం కోసం నిలబడటంలో గౌరవం ఎంత ఉండేదో గంధర్వులనే అడగాలి. దళిత కులంగా వాళ్లు ఆ వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టే వీలు ఉండేది కాదు. జానపద జీవనం రాయడమంటే ఆ గడపను కూడా రాయడమే.

కొన్ని పాటలకు వినేవాడు మాత్రమే కాదు, ఎదురు పాడేవాళ్లు కూడా కావాలి. తూర్పు నేపాల్ లింబూల పాలాం అలాంటిది. ఆడా మగా చేతులు పట్టుకుని వరసగా, నెమ్మదిగా అడుగులు వేస్తూ పాడుకుంటారు. దానికి ధాన్ నాచ్, అంటే వరి నాట్యం అని పేరు. ఒకే వంశం వాళ్లు ఇందులో జతకట్టకూడదు. అందుకే చెయ్యి పట్టుకునే ముందు వంశం ఆరా తీస్తారు. తర్వాత ప్రశ్న, జవాబు, పొడుపు, విడుపు. ఇప్పుడొక అరవై ఏళ్ల పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి పాలాం పాడించుకున్నారనుకోండి. దొరికేది సగం పాటే. రెండో సగం ఎదురుగా లేని ఆ మరదలి వరస అమ్మాయిది. మధ్య కొండల దోహరీ కూడా అంతే. అది సవాలు, జవాబుగా సాగే పాట. ఇప్పుడు కాఠ్మాండూలో దోహరీ పాడే రెస్టారెంట్లు బోలెడు. అక్కడ సవాలు ఉంటుంది, జవాబు ఉంటుంది, మధ్యలో బిల్లు కూడా వస్తుంది.

కాలం కూడా ఒక షరతే. ఆషాఢ మాసంలో నాట్లు వేస్తూ పాడే అసారే పాటను మాఘంలో అడిగితే నడుము వంగని పాట వస్తుంది. బురదలో కాలు లాగే లయ అందులో ఉండదు. దశైం, అంటే మన దసరా, పండుగ రోజుల్లో వినిపించే మాలశ్రీ రాగం చెవిన పడితేనే పండుగ వచ్చినట్టు. వేరే నెలలో దాన్ని వాయించమంటే వాయించేవాడికే ఎబ్బెట్టుగా ఉంటుంది. పరిశోధకుడికి మాత్రం సెలవులు దొరికేది తన యూనివర్సిటీ ఇచ్చినప్పుడు.

వినేది అసలు మనుషులే కానప్పుడు ఇంకో రకం చిక్కు. కిరాతీలు, అంటే లింబూలు, రాయ్‌లు, ముంధుమ్ అని పిలుచుకునేది వాళ్ల వేదం లాంటిది. సృష్టి కథ, వంశాల వలసలు, పూజావిధానం అన్నీ అందులో ఉన్నాయి. లింబూల్లో ఫెదాంగ్మా అనే పూజారి దాన్ని నోటికి చెబుతాడు. ఇమాన్ సింగ్ చెమ్‌జోంగ్ వంటి లింబూ పండితులు 20వ శతాబ్దంలో దాన్ని అచ్చులోకి తెచ్చారు. రాయ్ భాషల పూజా మంత్రాల్లో మాటలు జంటలుగా వస్తాయి. జంటలో ఒక మాట రోజువారీ భాషలోది, రెండోది ఎక్కడా విడిగా వాడని మాట. ఆ భాషే మాట్లాడే మామూలు మనిషికి కూడా మంత్రం సగానికి సగం అర్థం కాదు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు. అది మనకోసం చెబుతున్నది కాదు. వినేది పూర్వీకులు.

ఇలాంటిదాన్ని కాగితం మీద పెట్టడం ఎంత శ్రమో ధనకుటా జిల్లాలోని చింతాంగ్ ఊరిలో జరిగిన పని చూస్తే తెలుస్తుంది. 2004లో జర్మనీలోని లైప్‌జిగ్, నేపాల్‌లోని త్రిభువన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి చింతాంగ్, పూమా అనే రెండు రాయ్ భాషల మీద ప్రాజెక్టు మొదలుపెట్టారు. పూజలు, కథలతో పాటు పసిపిల్లలు మాటలు నేర్చుకునే తీరును కూడా రికార్డు చేశారు. ఆ ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి రాతపని వాళ్ల చేత చేయించారు. ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ చెప్పేదొకటే. ఒక గంట రికార్డింగుకు మాట మాటా రాసి, అర్థం ఇచ్చి, వ్యాకరణం విప్పాలంటే పదుల గంటలు పడుతుంది. అందుకే రికార్డు అయినవి కొండంత, అర్థం రాసి పెట్టినవి గోరంత. పూజారి పోయాక ఆ రెండో మాట ఏమిటో అడగడానికి మనిషే ఉండడు. సౌండ్ ఫైలు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

కొండల కింద, భారత్ సరిహద్దు వెంబడి ఉన్న తరాయి మైదానంలోకి దిగితే మిథిల ప్రాంతంలో దశైం రాత్రుల్లో ఆడే ఝిఝియా ఉంది. ఆడవాళ్లు ఒళ్లంతా చిల్లులు పెట్టిన మట్టికుండ తల మీద పెట్టుకుని, కుండలో దీపం వెలిగించి, గుంపుగా తిరుగుతూ పాడతారు. చీకట్లో కుండలు కదులుతుంటే చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా చిందుతుంది. పాట దేవతను తలుస్తుంది, మంత్రగత్తెను తిడుతుంది. అంటే ఇక్కడ వినాల్సింది ఆ మంత్రగత్తె. ఆమె గనక కుండ చిల్లులు లెక్కపెట్టగలిగితే ఆడుతున్న మనిషికి ప్రాణగండం అని నమ్మకం. అందుకే కుండ ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండకూడదు. ఆ కుండను దగ్గర నుంచి ఫొటో తీసి ఆర్కైవ్‌లో పెడితే ఎవరైనా తీరిగ్గా చిల్లులు లెక్కపెట్టుకోవచ్చు. భద్రపరచడమంటే కదిలేదాన్ని ఆపడం, ఆపితే ఈ ఆట నియమమే తప్పింది.

కానీ ఇదే పాటను ముచ్చటగా మాత్రమే రాసేస్తే అబద్ధం చెప్పినట్టే. తరాయిలో మంత్రగత్తె అన్న నింద ఒక మాట కాదు, దెబ్బ. ఒంటరి ఆడవాళ్లను, ముఖ్యంగా పేద, దళిత వితంతువులను ఈ పేరుతో కొట్టి, అవమానించిన ఘటనలు ఎన్నో జరిగాక, 2015లో ఈ నిందను నేరంగా చేస్తూ నేపాల్ ప్రత్యేక చట్టం తెచ్చింది. కాబట్టి పాటలో తిట్లు పడేది ఎవరికి, ఆ రాత్రి ఇంట్లోంచి బయటికి రాకుండా కూర్చున్నది ఎవరు అన్నది కూడా నోట్సులోకి రావాలి. సాంస్కృతిక శాఖల బ్రోచర్లలో కుండ మాత్రమే కనిపిస్తుంది.

పడమటి తరాయి థారూల అష్టిమ్కీది ఇంకో బాధ. కృష్ణాష్టమి నాడు ఆడవాళ్లు ఉపవాసం ఉండి, ఊరిపెద్ద ఇంటి గోడ మీద గీసిన బొమ్మలకు బొట్టు పెడుతూ రాత్రి పొడుగునా పాడతారు. సృష్టి కథతో మొదలయ్యే పాట అది. బొమ్మ, పాట, ఉపవాసం మూడూ ఒకటే పని. ఆర్కైవ్‌లో అవి మూడు విభాగాల్లోకి, కొన్నిసార్లు మూడు సంస్థల్లోకి పోతాయి.

అసలు వద్దన్నవాళ్లు కూడా ఉన్నారు. రౌటేలు కర్ణాలీ ప్రాంతపు అడవుల్లో ఇప్పటికీ మకాం మార్చుకుంటూ తిరిగే చిన్న గుంపు. కోతుల్ని వేటాడతారు, చెక్కతో గిన్నెలు, పెట్టెలు చేసి ఊళ్లలో ధాన్యానికి మార్చుకుంటారు. తమను అడవికి రాజులమని చెప్పుకుంటారు. బయటివాళ్లకు తమ భాష, తమ మొక్కులు, తమ సంగతులు చెప్పడానికి ఇష్టపడరు. ఈ మౌనాన్ని వెనకబాటుతనం అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి అది వాళ్ల జాగ్రత్త. ఇప్పుడు యూట్యూబర్లు కెమెరాలు పట్టుకుని మకాం దగ్గరికే వస్తున్నారు. పరిశోధకుడికైనా ఎంతో కొంత సంకోచం ఉంటుంది, వ్యూస్ కోసం వచ్చేవాడికి అదీ ఉండదు. జానపద జీవనం మీద రాసే పుస్తకంలో ‘ఇక్కడ అడగలేదు’ అని ఒక పేజీ ఖాళీగా వదిలే ధైర్యం ఉండాలి.

అడిగి, పాడించుకుని, తీసుకుపోయినవి ఎక్కడున్నాయి? అమెరికన్ టెరెన్స్ బెక్ 1960లలో పోగుచేసిన భారీ నేపాల్ సంగీత సేకరణ ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉంది. బాకే రికార్డింగులు లండన్‌కు చేరాయి. చింతాంగ్ ఫైళ్లు నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అవి అక్కడ ఉండటం వల్లే మిగిలాయన్నది నిజం. తేమ, చెదలు, భూకంపం ఉన్న దేశంలో టేపు బతకడం కష్టం. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో కూలిన ఇళ్ల కింద ఎన్ని క్యాసెట్లు, ఎన్ని నోటు పుస్తకాలు పోయాయో లెక్క వేసినవాళ్లు లేరు. 2000లో కేంబ్రిడ్జిలో మార్క్ ట్యూరిన్, అలన్ మాక్‌ఫార్లేన్ మొదలుపెట్టిన డిజిటల్ హిమాలయ పాత ఫిల్ములు, పత్రికలు ఇంటర్నెట్‌లో పెట్టి అందరికీ అందేలా చేసింది. అయినా ఇంగ్లిష్ కేటలాగులో తాత గొంతు వెతుక్కోవడం మనవడికి అంత తేలిక కాదు. తాత పేరు అందులో ‘గాయకుడు, పురుషుడు, సుమారు 50’ అని ఉంటే ఇక అసలే దొరకదు.

కుసుండా భాష విషయంలో వినేవాడు లేకపోవడం అన్నది అక్షరాలా జరిగింది. ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం తేలని భాష అది. దాంగ్ జిల్లాలో ఉండే జ్ఞానీమైయా సేన్ తల్లి చనిపోయాక మాట్లాడటానికి మనిషి లేక ఏళ్ల తరబడి ఆ భాషను నోట్లోనే దాచుకుంది. 2004లో భాషావేత్తలు మిగిలిన కొద్దిమందిని కాఠ్మాండూలో ఒకచోట చేర్చారు. డేవిడ్ వాటర్స్ వ్యాకరణం రాశాడు. జ్ఞానీమైయా 2020 జనవరిలో చనిపోయింది. ఈలోపు దాంగ్‌లో పిల్లలకు కుసుండా తరగతులు మొదలయ్యాయి. నేర్చుకునేది పదుల సంఖ్యలో అయినా, వినే చెవులు మళ్లీ పుట్టాయి.

తెలుగువాళ్లకు ఇందులో దగ్గరి చుట్టరికం ఉన్న జాగా ఒకటుంది. తూర్పు తరాయిలో సున్‌సరీ, మోరంగ్ చుట్టుపక్కల ఝాంగడ్, ఉరావ్ అని పిలిచే జనం ఉన్నారు. ఛోటా నాగ్‌పూర్ వైపు నుంచి కూలిపనికి వచ్చి స్థిరపడ్డవాళ్ల సంతతి. వాళ్ల మాట కురుఖ్. అది ఉత్తర ద్రావిడ భాష. హిమాలయాల కింది అంచున, చుట్టూ మైథిలి, థారూ, నేపాలీ వినిపించే చోట, ఒక ద్రావిడ భాషలో కరమ్ పండుగ పాటలు పాడుకుంటారు. నేపాల్ పరిశోధకులు ఎక్కువగా కొండ జాతుల టిబెటో-బర్మన్ భాషల మీద తర్ఫీదు పొందినవాళ్లు. మైదానంలో ఉన్న ఈ చిన్న సమూహం వంతు వచ్చేసరికి ఆలస్యమవుతోంది. పిల్లలు బడి భాషలోకి, బజారు భాషలోకి జారిపోతున్నారు.

కురుఖ్‌లో ‘ఏన్’ అంటే నేను. మన పాత తెలుగులో ‘ఏను’. ‘నీన్’ అంటే నువ్వు. పల్లును ‘పల్’ అంటారు. కంటిని ‘ఖన్’ అంటారు, కాస్త గొంతు లోపలి నుంచి. రికార్డింగు రాసుకునే నేపాలీ విద్యార్థి ఈ మాటలన్నిటికీ పక్కన అర్థం అడిగి రాసుకోవాలి. తెలుగు చెవికి కొన్ని అడగకుండానే తగులుతాయి.